ఇంగ్లండ్‌లో విక్టోరియన్ కాటేజీని పడగొట్టవచ్చా? ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చూడాలి

స్టేషన్‌కి దగ్గర, మంచి స్కూల్ ఉన్న ఏరియా, వెనక పొడవాటి తోట. అంతా బాగానే ఉంది, కానీ స్థలంలో ఉన్నది 1870లలో కట్టిన చిన్న ఇటుక కాటేజీ. గోడల్లో చెమ్మ, మెట్ల పక్కన పగులు, అడుగేస్తే కిర్రుమనే చెక్కనేల. ఇంగ్లండ్‌లో ఉంటున్న మన కుటుంబాలు ఇలాంటి ఇల్లు చూసి వచ్చాక అడిగే మొదటి మాట ఇదే: దీన్ని పడగొట్టి కొత్తది కట్టుకోవచ్చా?

దీనికి జవాబు తెలుసుకోవడం కష్టమేమీ కాదు, వరస తప్పకుండా వెతికితే చాలు. ఎక్కువమంది ఇంటి పరిస్థితి నుంచి మొదలుపెడతారు. చెమ్మ ఉంది, పగుళ్ళున్నాయి, బాగుచేయడానికి బోలెడు ఖర్చు, కాబట్టి పడగొట్టడమే న్యాయం అనుకుంటారు. ప్లానింగ్ చట్టం ఆ దారిలో ఆలోచించదు. మొదట ఇంటికి ఏ రక్షణ ఉందో చూస్తుంది, తర్వాత దాని విలువ ఏమిటో చూస్తుంది, పరిస్థితి సంగతి ఆ తర్వాతే. మీరూ అదే వరసలో వెళ్తే డబ్బు, టెన్షన్ రెండూ తగ్గుతాయి.

ఇక్కడ చెప్పేది ఇంగ్లండ్‌కే వర్తిస్తుంది. స్కాట్లండ్‌లో ఎ, బి, సి అని వేరే కేటగిరీలున్నాయి, వేల్స్‌కు 2023లో చేసిన సొంత చట్టం ఉంది.

1. ఇంటికి ఏ రక్షణ ఉందో కనుక్కోండి

ఈ పని ఇల్లు కొనకముందే చేయాలి. ఆఫర్ పెట్టాక కాదు, చూసి వచ్చిన రాత్రే.

హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ నేషనల్ హెరిటేజ్ లిస్ట్‌ను ఆన్‌లైన్‌లో ఉచితంగా అందుబాటులో ఉంచింది. పోస్ట్‌కోడ్ కొడితే చుట్టుపక్కల లిస్టెడ్ బిల్డింగులు, అంటే చారిత్రక విలువ వల్ల చట్టరక్షణ ఉన్న కట్టడాలు, మ్యాప్ మీద కనిపిస్తాయి. దేశం మొత్తం మీద దాదాపు 4 లక్షల నమోదులున్నాయి. అన్నిటికన్నా పైది గ్రేడ్ 1, తర్వాత గ్రేడ్ 2 స్టార్, తర్వాత గ్రేడ్ 2. నూటికి 90కి పైగా ఈ చివరి గ్రేడువే.

ఇల్లు ఎప్పుడు కట్టారన్నది ఇక్కడ చాలా ముఖ్యం. విక్టోరియా రాణి పాలన 1837 నుంచి 1901 దాకా సాగింది. 1850కి ముందు కట్టి పెద్దగా మారకుండా మిగిలిన ఇళ్ళలో ఎక్కువ భాగం లిస్ట్ అయ్యే అవకాశం ఉంది. 1850 తర్వాత లక్షల కొద్దీ ఇళ్ళు లేచాయి కాబట్టి ఎంపిక కఠినంగా ఉంటుంది. అంటే 1845 నాటి కాటేజీనీ 1890 నాటి కాటేజీనీ విక్టోరియన్ అనే ఒకే పేరుతో పిలిచినా, లిస్టింగ్ విషయంలో రెంటి సంగతీ ఒకటి కాదు.

జాబితాలో మీ ఇంటి నంబరు కనిపించలేదని వెంటనే ఊపిరి పీల్చుకోకండి. ఒక వరసలోని ఇళ్ళన్నిటినీ ఒకే నమోదు కింద చేర్చి ఉండొచ్చు. లేదా మీ కాటేజీ ఒకప్పుడు పక్కనున్న పెద్ద లిస్టెడ్ బంగళాకు అనుబంధంగా, తోటమాలికో బండివాడికో కట్టించిన ఇల్లయి ఉండొచ్చు. అలా లిస్టెడ్ భవనం ఆవరణలో 1948 జూలై 1కి ముందు నుంచీ ఉన్న కట్టడాలకు విడిగా పేరు లేకపోయినా రక్షణ వర్తించే అవకాశం ఉంది. గ్రేడ్ 2 అయితే ముందు గోడ ఒక్కటీ ఉంచితే చాలన్న మాట కూడా మనవాళ్ళలో బాగా తిరుగుతోంది. అది నిజం కాదు. లిస్ట్ అయిందంటే సాధారణంగా లోపలి మెట్లు, తలుపులు, నిప్పుగూళ్ళతో సహా మొత్తం ఇల్లు లిస్ట్ అయినట్టే.

రెండోది కన్జర్వేషన్ ఏరియా, అంటే మొత్తంగా స్వరూపాన్ని కాపాడాలని గుర్తించిన ప్రాంతం. 1967 చట్టంతో మొదలైన ఈ ఏర్పాటు కింద ఇప్పుడు ఇంగ్లండ్‌లో దాదాపు 10,000 ప్రాంతాలున్నాయి. కౌన్సిల్ వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ వీధి ఆ గీత లోపల ఉందో బయట ఉందో చూడండి. లోపల ఉంటే ఆ ప్రాంతం గురించి కౌన్సిల్ రాయించిన అప్రైజల్ అనే నివేదికను కూడా తెరవండి. ప్రాంతానికి అందం తెచ్చే ఇళ్ళను చాలా నివేదికల్లో మ్యాప్ మీద రంగుతో గుర్తిస్తారు. మీ కాటేజీకి ఆ రంగు పడి ఉంటే పడగొట్టడం బాగా కష్టమవుతుంది.

వీటితో పాటు కౌన్సిల్ సొంతంగా పెట్టుకునే లోకల్ లిస్ట్, ఆర్టికల్ 4 డైరెక్షన్ ఉన్నాయేమో చూడాలి. ఈ ఆర్టికల్ 4 ఉన్న చోట మామూలుగా పర్మిషన్ అక్కర్లేని పనులకు కూడా పర్మిషన్ కావాలి. కొనుగోలు సమయంలో సొలిసిటర్ కౌన్సిల్ రికార్డుల్లో చేయించే లోకల్ సెర్చ్‌లో వీటిలో చాలావరకు బయటపడతాయి. కానీ అప్పటికి మీరు సర్వేలకీ లాయర్‌కీ డబ్బు కట్టేసి ఉంటారు.

2. లిస్టెడ్ అయితే: దాదాపుగా లేదనే అనుకోండి

లిస్టెడ్ ఇంటిని కూల్చాలంటే 1990 నాటి ప్రత్యేక చట్టం కింద లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ తీసుకోవాలి. తీసుకోకుండా కూల్చడం క్రిమినల్ నేరం. పరిమితి లేని జరిమానా, 2 ఏళ్ళ దాకా జైలు పడే వీలుంది. వీసా మీద ఉన్నవాళ్ళు ఈ వాక్యం రెండోసారి చదవాలి.

ఎన్‌పీపీఎఫ్ అనే జాతీయ ప్లానింగ్ విధానం ప్రకారం గ్రేడ్ 2 భవనం కూల్చివేతకే ఒప్పుకోవడం అసాధారణం, పై గ్రేడులైతే మరీ అసాధారణం. దారులు రెండే. ఒకటి, ఆ నష్టాన్ని మించిన గట్టి ప్రజా ప్రయోజనం చూపించడం. మీ కుటుంబానికి ఇంకో రెండు బెడ్‌రూములు రావడం ప్రజా ప్రయోజనం కిందికి రాదు. రెండోది, నాలుగు విషయాలను కలిపి నిరూపించడం: ఆ స్థలాన్ని ఏ విధంగానూ వాడుకోలేని స్థితి ఆ భవనం వల్లే వచ్చిందని, సరిగ్గా అమ్మకానికి పెట్టి చూసినా భవనాన్ని నిలిపే ఉపయోగం దొరకలేదని, గ్రాంటు గానీ ట్రస్టు గానీ ప్రభుత్వం గానీ ఆదుకునే వీలు లేదని, స్థలం మళ్ళీ వాడకంలోకి రావడం వల్ల కలిగే మేలు నష్టాన్ని మించుతుందని. ఒక్కటి తప్పినా వాదన నిలవదు. జనం కొనడానికి ఇష్టపడే చోట ఉన్న కాటేజీకి రెండో విషయం దగ్గరే కథ ముగుస్తుంది, ఎందుకంటే అమ్మకానికి పెడితే కొని బాగుచేసుకునేవాళ్ళు దొరుకుతారు.

అందుకే నా సలహా సూటిగా చెబుతాను. ఖాళీ స్థలం కావాలనుకుంటే లిస్టెడ్ ఇల్లు కొనకండి. ఆ ఇంటిని ప్రేమించేవాళ్ళు ఇంకొకరు ఉంటారు, వాళ్ళకు వదిలేయండి.

3. కన్జర్వేషన్ ఏరియా అయితే: వాదనకు చోటుంది

ఇక్కడ 115 ఘనమీటర్లకు మించిన కట్టడాన్ని పడగొట్టడానికి ప్లానింగ్ పర్మిషన్ కావాలి. ఎంత చిన్న కాటేజీ అయినా సాధారణంగా ఆ కొలత దాటుతుంది. పర్మిషన్ లేకుండా పడగొడితే ఇక్కడా క్రిమినల్ నేరమే.

ఆ ప్రాంతపు స్వరూపాన్ని కాపాడటానికి లేదా మెరుగుపరచడానికి ప్రత్యేక శ్రద్ధ చూపాలని చట్టం అధికారులకు బాధ్యత పెట్టింది. కాబట్టి మీ ఒక్క ఇల్లు కాదు, వీధి మొత్తం తూకంలో ఉంటుంది. ఒకే ఎత్తు కిటికీలు, ఒకే రంగు ఇటుక, ఒకే వాలు పైకప్పుతో వరసగా ఉన్న ఆరు కాటేజీల్లో మీది మూడోదైతే, దాన్ని తీసేయడం మిగతా అయిదింటికీ దెబ్బ. అదే, 1960లలో ముందు భాగం పీకేసి పెద్ద కిటికీలు పెట్టి, సిమెంటు పూసి, విక్టోరియన్ లక్షణాలేవీ మిగలని ఇల్లయితే మీ వాదనకు బలం ఉంటుంది. బదులుగా కట్టబోయే ఇంటి డిజైన్ నాణ్యత కూడా లెక్కలోకి వస్తుంది. డ్రాయింగులు లేకుండా కూల్చివేతకు మాత్రమే అడిగితే కౌన్సిల్ ఒప్పుకోవడం అరుదు.

4. రెండూ కాకపోతే: చట్టం అనుకున్నంత గట్టిగా అడ్డుకోదు

ఇంగ్లండ్‌లోని విక్టోరియన్ కాటేజీల్లో చాలావాటికి ఏ రక్షణా లేదు. ఇది విని కొందరు ఆశ్చర్యపోతారు. లిస్టింగ్, కన్జర్వేషన్ ఏరియా, ఆర్టికల్ 4 ఏవీ లేని ఇంటిని పర్మిటెడ్ డెవలప్‌మెంట్ హక్కు కింద, అంటే పూర్తి ప్లానింగ్ పర్మిషన్ లేకుండానే, పడగొట్టవచ్చు. అయితే ముందుగా ప్రయర్ అప్రూవల్ (ముందస్తు ఆమోదం) కోసం కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టాలి, స్థలం దగ్గర నోటీసు అతికించాలి. 28 రోజుల్లోగా కౌన్సిల్ చూసేది ఏ పద్ధతిలో పడగొడతారు, స్థలాన్ని ఎలా సరిచేస్తారు అన్నంతవరకే.

ఈ హక్కులో ఒక మెలిక ఉంది. యజమాని చేసిన పని వల్ల గానీ, చేయకుండా వదిలేయడం వల్ల గానీ ఇల్లు ప్రమాదకరంగా మారి, రిపేరుతోనో తాత్కాలిక ఆసరాతోనో కాపాడే వీలుంటే ఈ హక్కు వర్తించదు. పెంకులు తీసేసి రెండు వానాకాలాలు తడవనిచ్చి, ఇప్పుడు కూలిపోతోంది చూడండి అంటే కుదరదన్నమాట. రక్షణ ఉన్న భవనాల విషయంలోనూ అంతే. కావాలని పాడుపెట్టిన భవనమైతే దాని శిథిలస్థితిని నిర్ణయంలో లెక్కలోకి తీసుకోవద్దని జాతీయ విధానం చెబుతుంది.

ఇంకో మాట. పడగొట్టడానికి పూర్తి పర్మిషన్ అక్కర్లేకపోయినా కొత్త ఇల్లు కట్టడానికి కావాలి. ఆ దరఖాస్తు పరిశీలిస్తూ కౌన్సిల్ అధికారి మీ కాటేజీకి స్థానిక చారిత్రక విలువ ఉందని గుర్తించవచ్చు, ఏ జాబితాలోనూ లేకపోయినా సరే. అప్పుడు దాని విలువనూ జరిగే నష్టాన్నీ తూచి చూస్తారు. తొందరపడి ముందే పడగొట్టేస్తే చేతిలో ఖాళీ స్థలం ఉంటుంది కానీ పర్మిషన్ ఉండదు. లిస్ట్ చేయదగ్గ ఇల్లని కౌన్సిల్‌కు అనిపిస్తే బిల్డింగ్ ప్రిజర్వేషన్ నోటీసు ఇచ్చి 6 నెలల పాటు లిస్టెడ్‌తో సమానమైన రక్షణ కూడా పెట్టగలదు.

దొంగచాటుగా పడగొడితే ఏమవుతుందో తెలియాలంటే లండన్ మైడా వేల్‌లోని కార్ల్‌టన్ టావెర్న్ కథ చాలు. అది విక్టోరియన్ కాదు, 1920ల మొదట్లో కట్టిన పబ్బు. లిస్ట్ చేయాలా వద్దా అని పరిశీలిస్తుండగా 2015 ఏప్రిల్‌లో పర్మిషన్ లేకుండా కూల్చేశారు. ఉన్నది ఉన్నట్టు తిరిగి కట్టమని వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ ఆదేశించింది. తిరిగి కట్టాల్సి వచ్చింది కూడా. 2021లో ఆ పబ్బు మళ్ళీ తెరుచుకుంది.

5. ఇంటి కథ తెలుసుకోండి

ఈ పనిని తూతూమంత్రంగా చేయించేవాళ్ళే ఎక్కువ. నా దృష్టిలో నిర్ణయమంతా దీని మీదే నిలుస్తుంది. పడగొట్టాలనుకున్నా, ఉంచాలనుకున్నా, ఏం పోతుందో తెలియకుండా తేల్చకూడదు.

మ్యాపులతో మొదలుపెట్టండి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైట్‌లో ఇంగ్లండ్‌కి సంబంధించిన పాత ఆర్డినెన్స్ సర్వే మ్యాపులు కూడా ఉచితంగా చూడొచ్చు. చర్చికి కట్టే పన్ను లెక్క కోసం గీసిన 1840ల నాటి టైత్ మ్యాపుల్లో పొలం ఎవరిదో, ఇల్లెవరిదో దొరుకుతుంది. 1841 నుంచి పదేళ్ళకోసారి తీసిన జనాభా లెక్కల్లో ఆ ఇంట్లో ఎవరుండేవారో, ఏ పని చేసేవారో ఉంటుంది. ఇటుక బట్టీ కూలీలా, రైల్వే సిగ్నల్ మనుషులా, చాకిరేవు నడిపిన వితంతువా అన్నది తెలిశాక ఆ ఇల్లు మీకు వేరేగా కనిపిస్తుంది. స్థానిక చారిత్రక కట్టడాల, స్థలాల వివరాలు దాచే, కౌంటీ స్థాయిలో ఉండే హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డునూ అడగండి.

తర్వాత ఇంటినే చదవండి. గాజు మీద పన్ను 1845లో, ఇటుక మీద 1850లో, కిటికీల మీద 1851లో ఎత్తేశారు. ఆ తర్వాతి ఇళ్ళలో అద్దాలు పెద్దవయ్యాయి, ఇటుక వాడకం పెరిగింది. రైళ్ళు వచ్చాక వేల్స్ పలకరాళ్ళు దేశమంతా పైకప్పులెక్కాయి. 1875 పబ్లిక్ హెల్త్ చట్టం తర్వాత స్థానిక నిబంధనల ప్రకారం కట్టిన వరస ఇళ్ళు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మీ కాటేజీ దీనికి ముందుదా తర్వాతిదా? స్థానిక మట్టితో చేసిన ఇటుకా, దూరం నుంచి తెప్పించిందా? ముందుకు పొడుచుకొచ్చిన బే విండోలు మొదటినుంచీ ఉన్నవా, తర్వాత పెట్టినవా? వీటికి జవాబులు రాసుకుంటే ఇంటి చారిత్రక విలువను వివరిస్తూ కౌన్సిల్ అడిగే హెరిటేజ్ స్టేట్‌మెంట్‌లో సగం తయారైనట్టే.

మనుషులతో ఉన్న సంబంధం కూడా చారిత్రక విలువ కిందికి వస్తుంది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ చివరి రోజులు సర్రే కౌంటీలోని డోర్కింగ్‌లో గడిపి, 1899లో అక్కడే కన్నుమూశారు. అలాంటి సంబంధం ఉన్నంత మాత్రాన ఇంటికి రక్షణ వచ్చెయ్యదు. ఆ మనిషి అక్కడ ఉన్న నాటి రూపం ఇంట్లో ఇంకా ఎంత మిగిలిందన్నదే చూస్తారు. అయినా, మన డెల్టా చరిత్రకు ముడిపడిన గోడ ఒకటి పరాయి దేశంలో ఉంటే దాన్ని గుర్తుపట్టగలిగేది మనమే కదా.

6. ఇప్పుడు పరిస్థితి చూడండి, సరైన మనిషితో

విక్టోరియన్ గోడ గట్టి ఇటుక గోడ, మందం సాధారణంగా 9 అంగుళాలు, మధ్యలో ఖాళీ ఉండదు. సున్నపు అడుసుతో కట్టారు. ఈ గోడ వానకు కొంత తడుస్తుంది, ఎండకూ గాలికీ ఆరుతుంది. మన ఊళ్ళలో గానుగ సున్నంతో కట్టిన పాత మేడలు చూసినవాళ్ళకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. 20వ శతాబ్దంలో వీటికి బయట సిమెంటు పూసి, సందుల్లో సిమెంటు కూరి, లోపల ప్లాస్టిక్ పెయింటు వేశారు. తడి లోపలికి పోతుంది, బయటికి రాలేదు. మనం చెమ్మ అనుకునేదానికి చాలా ఇళ్ళలో కారణం ఇదే.

ఇంకా మామూలు కారణాలుంటాయి. బయట నేల ఎత్తు పెరిగిపోయి ఉంటుంది. నేల మట్టం డ్యాంప్ కోర్సుకు, అంటే చెమ్మ పైకి ఎక్కకుండా గోడ అడుగున వేసే పొరకు, కనీసం 150 మిల్లీమీటర్ల కింద ఉండాలి. వాననీటి గొట్టం పగిలి ఏళ్ళ తరబడి ఒకే మూల తడుస్తుంటుంది. చెక్కనేల కిందికి గాలిపోయే ఎయిర్ బ్రిక్స్‌ను ఎవరో చలికి మూసేస్తే దూలాలు పుచ్చుతాయి. ఇవన్నీ నయమయ్యే జబ్బులు. చెమ్మ మందు ఇంజెక్ట్ చేసే కంపెనీ ఉచితంగా సర్వే చేస్తామంటే ఒప్పుకోకండి. ఆ మందు అమ్మడమే వాళ్ళ వ్యాపారం. వాళ్ళు గోడకు గుచ్చే మీటర్లు గోడలోని లవణాలకు కూడా ఎక్కువ చూపిస్తాయి. ఫీజు ఇచ్చి, పాత భవనాల అనుభవమున్న స్వతంత్ర సర్వేయర్‌ని పెట్టుకోండి. 1877లో విలియం మోరిస్ స్థాపించిన, పాత భవనాలను కాపాడే ఎస్‌పీఏబీ సంస్థ ఫోన్‌లో ఉచితంగా సాంకేతిక సలహా ఇస్తుంది.

పగుళ్ళకు కూడా ఒక కొలత ఉంది. బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ వర్గీకరణలో 5 మిల్లీమీటర్ల లోపు పగుళ్ళు ప్రధానంగా పైపై రిపేర్ల కిందికి వస్తాయి. 15 దాటితే పెద్ద రిపేరు, 25 దాటితే కొంత భాగం తిరిగి కట్టాల్సి రావచ్చు. ఎంత వెడల్పన్నదానికన్నా ఇంకా పెరుగుతోందా లేదా అన్నది ముఖ్యం. లండన్, ఆగ్నేయ ప్రాంతాల్లో బంకమట్టి నేల ఎండాకాలం కుంచించుకుపోయి, శీతాకాలం ఉబ్బుతుంది. కొన్ని నెలలు కొలిచి చూడకుండా పునాది పోయిందని తేల్చేయకూడదు. కన్జర్వేషన్ అక్రెడిటేషన్ (పాత కట్టడాల పనిలో గుర్తింపు) ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని ఒకే ప్రశ్న అడగండి: దీన్ని నిలబెట్టడానికి కనీసం ఏం చేయాలి? పడగొట్టడానికి కారణాలు రాసివ్వమని అడిగితే అవే రాసిస్తారు.

7. డబ్బు లెక్క నిజాయితీగా వేయండి

పన్ను విధానం పడగొట్టేవైపు మొగ్గుతుంది. కొత్త ఇంటి నిర్మాణం మీద వ్యాట్ సున్నా. పాత ఇంటి రిపేరుకూ మార్పులకూ 20 శాతం. లిస్టెడ్ ఇళ్ళలో అనుమతి పొందిన మార్పులకు ఉండే సున్నా రేటును కూడా 2012లో తీసేశారు. ఇది తప్పు విధానమని నేను గట్టిగా నమ్ముతాను. అయినా లెక్కలో చూడక తప్పదు. ఇల్లు 2 ఏళ్ళు, అంతకన్నా ఎక్కువ ఖాళీగా ఉంటే రిపేరు పనులకు 5 శాతం రేటు దొరకవచ్చు. ఈ వెసులుబాటు చాలామంది బిల్డర్లు తమంతట తాము చెప్పరు.

రెండోవైపు కూల్చివేత, చెత్త తరలింపు, ఆస్‌బెస్టాస్ తొలగింపు, కట్టినంత కాలం బయట అద్దె, మార్ట్‌గేజ్ ఇచ్చిన బ్యాంకు అనుమతి వేసుకోండి. తనఖాలో ఉన్న ఇంటిని బ్యాంకుకు చెప్పకుండా పడగొట్టలేరు.

అసలు అవసరం ఏమిటో కూడా ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటే కింద ఒక గది, బాత్రూమ్, వంటకి వెలుతురున్న చోటు. చాలాసార్లు కావాల్సింది ఇంతే. లిస్టెడ్ కాని ఇంటికి వెనకవైపు ఒక అంతస్తు ఎక్స్‌టెన్షన్, విడి ఇల్లయితే 4 మీటర్లు, గోడ కలిసిన ఇల్లయితే 3 మీటర్ల దాకా, మిగతా షరతులకు లోబడి ప్లానింగ్ పర్మిషన్ లేకుండానే కట్టుకోవచ్చు. కాటేజీ ముందు ఉంటుంది, కుటుంబం వెనక విస్తరిస్తుంది. నేనైతే పది కేసుల్లో ఎనిమిదింటికి ఇదే సూచిస్తాను.

8. మిగతా అడ్డంకులు

పైకప్పులో గబ్బిలాలుంటే పని ఆగుతుంది. అవి లేని సమయంలో కూడా వాటి నివాసాన్ని పాడుచేయడం నేరం. సాయంత్రం బయటికి వచ్చేటప్పుడు చేసే సర్వే మే నుంచి సెప్టెంబరు మధ్యే కుదురుతుంది, అక్టోబరులో గుర్తొస్తే ఏడాది పోయినట్టే. కూల్చేముందు ఆస్‌బెస్టాస్ సర్వే తప్పనిసరి. విక్టోరియన్ ఇంట్లో ఎందుకుంటుందనుకోవద్దు, తర్వాత వేసిన సీలింగు పూతల్లో, గ్యారేజీ కప్పులో ఉంటుంది. పక్కింటితో గోడ కలిసి ఉంటే 1996 పార్టీ వాల్ చట్టం కింద నోటీసు, 50 ఘనమీటర్లు దాటిన భవనమైతే 1984 బిల్డింగ్ చట్టం కింద కౌన్సిల్‌కు ఇంకో నోటీసు ఇవ్వాలి.

9. దరఖాస్తు

ముందు ప్రీ-అప్లికేషన్ సలహాకు ఫీజు కట్టి, కౌన్సిల్‌లో పాత కట్టడాల సంగతి చూసే కన్జర్వేషన్ ఆఫీసర్‌తో మాట్లాడండి. ఆర్కిటెక్ట్‌ని పంపి ఊరుకోకుండా మీరూ వెళ్ళండి. వద్దని అక్కడే స్పష్టంగా చెబితే నమ్మండి. పక్కవాళ్ళకు నోటీసు అందకముందే మీరే వెళ్ళి డ్రాయింగులు చూపిస్తే అభ్యంతరాలు సగం తగ్గుతాయి.

మామూలు ఇంటి దరఖాస్తుకు నిర్ణయ గడువు 8 వారాలు, సర్వేలు అడిగితే ఇంకా సాగుతుంది. కొత్త ఇల్లు కట్టే దరఖాస్తు తిరస్కరిస్తే సాధారణంగా 6 నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. కానీ తిరస్కరణ పత్రంలో రాసిన కారణాలకు డిజైన్ మార్చి మళ్ళీ వేయడం తరచుగా అప్పీలుకన్నా మంచి దారి.

పర్మిషన్ వస్తే షరతులు ఒక్కొక్కటే చదవండి. కొత్త ఇంటి నిర్మాణానికి కాంట్రాక్టు కుదిరేదాకా పడగొట్టకూడదని, ముందుగా ఫొటోలూ కొలతలూ తీసి రికార్డు జమ చేయాలని సాధారణంగా ఉంటుంది. లిస్టెడ్ ఇల్లయితే హిస్టారిక్ ఇంగ్లండ్‌కు తెలిపి, రికార్డు చేసుకోవడానికి కనీసం ఒక నెల వీలు ఇవ్వాలి. సున్నపు అడుసుతో కట్టిన ఇటుకలు విరగకుండా ఊడివస్తాయి, పలకరాళ్ళూ నేలచెక్కలూ కూడా అంతే. మిషన్‌తో కాకుండా చేత్తో విప్పాలని కాంట్రాక్టులో రాయించుకోండి, రేటు కొంచెం ఎక్కువైనా సరే. మీ తోటగోడకు మిగలగా వీధిలో పాత ఇల్లు బాగుచేసుకుంటున్నవాళ్ళు ఆ ఇటుకల కోసం మీ దగ్గరికే వస్తారు.